చెరకు మోళ్ల మీద రేసు

మా కమ్మర్‌పల్లిల ప్రయాణమంటే పాస్‌పోర్టు ఉండాలె. మస్కట్, దోహా, దుబాయి, ఇవి ప్రయాణాలు. బోధన్ పోయొచ్చిన అంటే "పెండ్లా, సావా?" అని అడుగుతరు. రెండూ కాదు, బండ్ల రేసు చూడబోయిన అని చెప్పిన. అప్పటి సంది మా వాడకట్టోళ్లు నాతోని జర మెల్లగ మాట్లాడుతున్నరు, జ్వరమొచ్చినోనితో మాట్లాడినట్టు. అందుకే ఇది రాస్తున్న. నూరు కిలోమీటర్లు గూడ నిండని తొవ్వ. కని దానికి గూడ ఒక కథ ఉన్నదని పోనోళ్లకు తెలవాలె.

ముందు రేసు సంగతి. ఏటా చెరకు కోతలైనంక మా జిల్లాల మట్టి రేసులు అయితయి. పాత టూ-స్ట్రోక్ బండ్లకు మడ్‌గార్డులు, లైట్లు పీకేసి, చెరకు నరికిన చేన్ల గుండ్రంగ తిప్పుడు. నందిపేట దిక్కు మొదలై, ఎడపల్లి, బోధన్ మీదికెళ్లి, మహారాష్ట్ర సరిహద్దుల సాలూర కాడ ఖతమైతయి. లోకంల పెద్ద పెద్ద రేసులకు అధ్యక్షులు, కమిటీలు, టీవీ హక్కులు ఉంటయట. మా దానికి లింగన్న ఉన్నడు. లింగన్న భుజం మీద ఒక ఎర్ర తువ్వాల ఉంటది. ఆ తువ్వాల ఆయన చేతులకెళ్లి కింద పడితె రేసు మొదలు. తువ్వాల ఎవల భుజం మీదుంటె రేసులన్నీ వాళ్ల మాట మీద నడుస్తయి. రాజ్యాంగం అంతే, సవరణలు లేవు.

ఈ ఏడు లింగన్న మోకాళ్లు జవాబిచ్చినయి. ఆఖరి రేసు సాలూరల అయినంక తువ్వాల దించేస్త అన్నడు. ఎత్తుకునేటోళ్లు ఇద్దరు. ఒకలు ఆయన బిడ్డ సుజాత. ఇంకొకలు నిజామాబాద్‌ల బండ్ల షోరూం నడిపే శ్రీకాంత్. లింగన్న నలుగురి ముంగట చెప్పిన మాట ఇది: "సాలూర రేసు సుజాత నడిపి చూపియ్యాలె. నడిస్తె తువ్వాల ఆమెది. నడవకుంటె శ్రీకాంత్‌ది."

ఈ ముచ్చట నాకు చెప్పింది మా మేనమామ రాజేశం, మస్కట్‌కెళ్లి. అక్కడ ట్రైలర్ నడుపుతడు. ఇక్కడున్నప్పుడు ఈ రేసులల్ల చానేండ్లు తిరిగిండు. గెలిచిండా అని అడుగొద్దు, ఆయన గూడ అడగనియ్యడు. చిన్నప్పుడు నన్ను పెట్రోల్ ట్యాంకు మీద కూసోబెట్టుకొని తీస్కపోయేటోడు. ఇంటికొచ్చినంక నా లాగుల్నుంచి ఆయిల్ కలిపిన పెట్రోల్ వాసన వస్తుంటె మా అవ్వ ఇద్దర్నీ బయటనే నిలవెట్టేది.

"నువ్వు పో రా," అన్నడు ఫోన్ల. "తువ్వాల పడేటప్పుడు వీడియో కాల్ చెయ్యి."

"రికార్డు చేసి పంపుత మామ, మంచిగ కనవడ్తది."

"రికార్డు నాకెందుకు? అప్పుడే చూడాలె. ఆ సప్పుడు విననీకె లీవు అడిగితె ఇస్తడా మా కఫీల్ సేటు?"

ఇయ్యడు. నేను పోయిన.

ఆర్మూర్ తొవ్వ

తెల్ల ప్యాంటేసుకొని షేర్ ఆటోల పసుపు బస్త మీద కూసున్న. ఇందుల తప్పు ప్యాంటుది కాదు. మోర్తాడ్ దాటెదాక నాకు తెల్వలే. బస్త గల్ల పెద్దమ్మ నన్ను కిందికెళ్లి మీదికి చూసింది.

"పెండ్లికొడుకు లెక్క అయినవ్ గద బిడ్డా. ఎటు పోతున్నవ్?"

"బోధన్ పెద్దమ్మా. రేసులకు."

"గుర్రాలా?"

"బండ్లు."

"గవి మా తొవ్వల రోజు తిరుగుతయి. పైసల్ బెట్టి పోయి చూసుడెందుకు?"

ఆర్మూర్ గుట్టలు కనవడ్డదాక ఆలోచించి, ఆటో దిగి బస్సెక్కిన. అంకాపూర్ కాడ నాటుకోడి మసాల వాసన బస్సు కిటికీలకెళ్లి లోపటికొచ్చి, టికెట్ తీస్కోకుండ ఊరు దాటెదాక మాతోనే ఉన్నది. దిగి తిందామనుకున్న. ధర యాదికొచ్చి వాసనతోనే సరిపెట్టుకున్న.

నిజామాబాద్

నిజామాబాద్‌ల చాయ్ పదిహేను రూపాలు. మా ఊర్లె పది. ఆ అయిదు రూపాలకు ఏమొస్తది అని అడిగితె హోటలాయన ఫ్యాన్ దిక్కు చూపిచ్చిండు. ఫ్యాన్ తిరుగుతలేదు. "కరెంటొస్తె తిరుగుతది అన్న," అన్నడు, మస్తు ఇజ్జత్‌తోని.

శ్రీకాంత్ షోరూం బస్టాండుకు దగ్గర్నే. నేను ఆయనను సినిమాలల్ల విలన్ లెక్క ఊహించుకొని పోయిన. నల్ల కండ్లద్దాలు, మెడల గొలుసు ఉంటే నా కథకు మంచిగుంటుండె. మనిషి జూస్తె కౌంటరు కాడ టిఫిన్ డబ్బల ఉప్మా తింటున్నడు, నాకు గూడ పెట్టిండు. బక్కగ, జర కుంటుతడు. ఆ కుంటు ఎడపల్లి రేసుల వచ్చిందే. దాన్ని మెడల్ లెక్క చెప్పుకుంటడు.

ఫోన్ల బొమ్మ చూపిచ్చిండు. బైపాస్ పక్కన రాళ్ల బంజరు ఉన్నది, దానికి కంచె వేసి, మట్టి పోసి, పక్కా ట్రాకు చెయ్యాలని ఆయన ఆలోచన. కూసునేతందుకు మెట్లు. లైట్లు. ఆడోళ్లకు బాత్రూములు.

"ఇన్నేండ్లల్ల మన రేసులకు ఆడోళ్లు ఎందుకు రారో ఎవలన్న ఆలోచించిన్రా తమ్మీ?" అన్నడు. "పొద్దందాక చేన్ల ఎటు పోతరు వాళ్లు?"

కొట్లాడదామని పోయిన నేను ఉప్మా ఇంకింత పెట్టిచ్చుకున్న.

"అయితె చేన్లు వద్దంటవా అన్నా?"

"నాకెందుకు వద్దు? చేన్లే ఉంటలేవు. లింగన్న కాకకు చేన్లు ఎట్ల దొరుకుతయో నీకు తెలుసా?"

తెల్వదన్న. చెప్పిండు. చిన్నప్పుడు అన్నేండ్లు పోయి చూసినోన్ని, ఇది మాత్రం ఎన్నడూ అడగలే.

చెరకు ఒక్కసారి నాటితె ఒక్క పంటతోని పోదు. నరికిన మోడు నుంచి మళ్ల పిలకలు లేస్తయి, మళ్ల తోటైతది. అసొంటి చేను మీద ఎవడు బండ్లు తిప్పనిస్తడు? ఇచ్చేటోడు ఒక్కడే, చెరకు ఇడిసిపెట్టి వరి పెట్టుకుందామని ఖాయం చేసుకున్నోడు. వానికి ఆ మోళ్లన్నీ పీకాలె, చేను సాపు చెయ్యాలె. కూలోళ్లు దొరకరు. అందుకని బేరమేందంటె, చేను పుణ్యానికిస్తడు, రేసైన తెల్లారి బండ్లోళ్లే మోళ్లు పీకి, ట్రాక్టరుతోని సాపు చేసిస్తరు. గెలిచినోడు ముందుగాల పార పట్టాలె. అది పద్ధతి.

"అంటె," అన్న నేను, "మన రేసు ఏ చేన్ల అయితె ఆ చేన్ల మళ్ల చెరకుండదు."

"ఉండది. బోధన్ శక్కర ఫ్యాక్టరీ మూతవడ్డంక అందరు చెరకు ఇడిసిపెట్టవట్టిరి. రేసులకు అప్పుడు పండుగ, చేన్లే చేన్లు. ఇప్పుడు ఇడిసిపెట్టేతందుకు గూడ చెరకు లేదు. సాలూరల ఒక్క గంగవ్వ చేను మిగిలింది."

మా చిన్నప్పటి సంబురమంతా ఒక పంట సావు ఇంటి ముంగట ఆడిన ఆట అని తెలిసినంక ఏం చెయ్యాలె? ఉప్మా అయిపోయింది. చెయ్యి కడుక్కున్న.

బోధన్

నిజామాబాద్ నుంచి బోధన్ పోతుంటె చిన్నప్పుడు రెండు దిక్కుల చెరకు గోడలుండేటివి. మామ బండి మీద పోతుంటె తొవ్వ సొరంగం లెక్క ఉండేది. ఇప్పుడు బస్సు కిటికీలకెళ్లి చూస్తె వరి, వరి, వరి. కొంగలు. దూరం దాక కనవడుతది. దూరం కనవడితె మంచిదే అంటరు. నాకు మాత్రం ఎవలో ఇల్లు ఖాళీ చేసి, గోడకు మేకులు ఇడిసిపెట్టి పోయినట్టనిపిచ్చింది.

బస్టాండు ముంగట చెరకు రసం తాగిన, ఇరవై రూపాలు. బోధన్‌ల తాగుతున్న గద అని జర గర్వంగ తాగిన.

"ఏ ఊరి చెరకన్నా?"

"నాందేడ్ దిక్కుకెళ్లి వస్తది."

గర్వం ఆపిన. రసం మాత్రం మంచిగున్నది, అల్లం ఎక్కువేసిండు.

లింగన్న ఇల్లు శక్కర్‌నగర్ దాటినంక. ఫ్యాక్టరీ నడిచినన్ని దినాలు అందుల లారీ నడిపిండు. ఇప్పుడు అరుగు మీద మోకాళ్లకు జిల్లేడాకులు కట్టుకొని కూసున్నడు. తువ్వాల భుజం మీదనే ఉన్నది. ఇంట్ల గూడ తియ్యడట. మా మామ పేరు చెప్పంగనే నవ్విండు.

"రాజేశమా? మలుపు కాడ క్లచ్ బట్టేటోడు. భయం. భయం లేకుంటె గెలుస్తుండె. గెలిస్తె మస్కట్ పోకపోతుండెనో ఏమో."

గెలిచినోళ్లకు అప్పుడు ఇచ్చింది ఒక స్టీలు బిందె. దాని కోసం మస్కట్ ఆగుతదా?

సుజాత ట్రాక్టరు కింద పండుకొని చేను సాపు చేసే బ్లేడు బోల్టులు బిగిస్తున్నది. కాళ్లు మాత్రం కనవడుతున్నయి. నేను కాళ్లతోనే మాట్లాడిన.

"అక్కా, రేపు రేసు గట్టిగ నడుస్తదా?"

"నడవక? గంగవ్వ కుడుక తీసుకున్నది."

మా దిక్కు మాటిస్తె చెయ్యిల చెయ్యేస్తరు. ఈడ ఎండు కొబ్బరి కుడుక ఇస్తరు. చేను గల్లోళ్లు కుడుక పట్టుకున్నరంటె మాట ముట్టినట్టు. అటెన్క ఇంటి మీద పిడుగు వడ్డ రేసు ఆగది.

"వచ్చే ఏడు ఎక్కడ పెడ్తవక్కా మరి?"

పాన సప్పుడు ఆగింది. "తెల్వదు."

"శ్రీకాంత్ అన్న బైపాస్..."

"మంచిదే గద. బాత్రూములు గూడ కట్టిస్తడట." బయటికొచ్చి కూసున్నది. ముక్కు మీద గ్రీసు. "ఇగో తమ్మీ, నేను పదో తరగతి సంది వీళ్ల ఎన్క తిరుగుతున్న. వీళ్లు తొక్కి పోతరు, నేను సాపు చేస్త. బాపు తువ్వాల వదులుతుంటె ఎన్నడూ ముందల నిలవడి చూడలే, ట్రాక్టరు మీద ఎన్క ఉంట. ఒక్కసారి నా చేతులకెళ్లి పడాలె అది. తర్వాత ఏమన్న గానియ్యి."

రాత్రి జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టిన్రు. మా ఇంట్ల పచ్చిపులుసుల బెల్లం వేస్తె గొడవలైతయి. ఈడ బెల్లం వెయ్యకుంటె గొడవలైతయట.

సాలూర

సాలూర కాడ తెలంగాణ అయిపోతది, కని ఎక్కడ అయిపోతదో భాషకు తెల్వదు. చాయ్ అడిగితె హోటలోడు "కాయ్ పాహిజే?" అన్నడు, మరాఠీల ఏం గావాలె అని. మళ్ల చాయ్ అన్న. "చాయే గద, గట్ల చెప్పు," అన్నడు మంచి తెలుగుల. మంజీర దాటి దెగ్లూర్ దిక్కోళ్లు గూడ బండ్లు తెచ్చిన్రు. మిరపకాయ బజ్జీల పొయ్యి రాజుకున్నది. లింగన్నను ఆటోల తెచ్చి చెట్టు నీడకు దించిన్రు. శ్రీకాంత్ కారుల వచ్చిండు. అందరం గంగవ్వ చేను దిక్కు నడిచినం.

గంగవ్వ ముసల్ది, ఒక్కతే చేస్కుంటది. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చేసుకొని కూసున్నది. ఆమె ముంగట చేనంత నీళ్లు.

నేను అప్పటికే మామకు వీడియో కాల్ కలిపిన.

"ఏం రా, చెరువు చూపిస్తున్నవ్?" అన్నడు మామ.

"చేనే మామ. ఆగు."

సుజాత ముందుకొచ్చింది. "ఇదేందవ్వా?"

"ఆటో స్టార్టరు బిడ్డా. కరెంటొచ్చింది, మోటరు నడిచింది. నేను పండుకొని ఉంటి."

తెల్వనోళ్లకు చెప్పాలె. బోరు మోటరుకు ఆటో స్టార్టరు పెడితె కరెంటు రాంగనే దానంతటదే నడుస్తది. మా జిల్లాల సగం తగాదాలకు కారణం అది, మిగిలిన సగానికి సాకు అది.

సుజాత గట్టెంబడి నడిచి, కాలువకెళ్లి చేన్లకు నీళ్లు మల్పే మడువ కాడ నిలవడ్డది. మడువ కొత్తగ తవ్వి ఉన్నది. తడి మట్టి మీద చిన్న చిన్న పాదాలు.

"మడువ గూడ ఆటో స్టార్టరే తీసిందా అవ్వా?"

గంగవ్వ కొంగు సదురుకున్నది. "గాలికి పోయింటది."

బండ్లోళ్లు నవ్విన్రు. గంగవ్వ నవ్వలే. సుజాత నీళ్లల్ల కూసున్నది. అప్పుడు నాకు గూడ కనవడ్డది. నరికిన మోళ్ల నుంచి పిలకలు లేచినయి, వేలెడంత, చిలకపచ్చ. చేనంత.

"వరి పెడ్తా అంటివి గద," అన్నది సుజాత, మెల్లగ.

"అన్న బిడ్డా. పెడ్తామనే ఉంటి. మొన్న గడ్డికని వస్తి. పచ్చగ కనవడె. మోటరెయ్య బుద్ధైంది." అని, ఆటో స్టార్టరు యాదికొచ్చి ఆగింది. "నువ్వు తిప్పుకో. కుడుక తీసుకున్న గద. మాట మాటనే. నేను అటు తిరిగి కూసుంట." కుర్చీ నిజంగనే అటు తిప్పుకున్నది.

బండ్లోళ్లల్ల లొల్లి మొదలైంది. బురదల ఇంకా మజా వస్తదని ఒకడు, దెగ్లూర్ నుంచి డీజిల్ పోసుకొని వచ్చినమని ఇంకొకడు. అందరికంటె గట్టిగ మాట్లాడింది శ్రీకాంత్.

"అక్కా, నడుపు. ఎండ గొడుతున్నది, మాపటాల్లకు పైపొర ఆరుతది. నువ్వు నడపకుంటె తువ్వాల నాకొస్తది. నాకు గిట్ల వద్దు."

సుజాత లింగన్న దిక్కు చూసింది. లింగన్న మోకాలు దిక్కు చూసుకుంటున్నడు. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్న. సుజాత ఒక పిలకను రెండు వేళ్లతోని పట్టుకొని ఉన్నది, పీకనూ లేదు, ఇడవనూ లేదు.

"అవ్వా," అన్నది లేచి, "ఆ కుడుక ఇంకా ఉన్నదా ఇంట్ల?"

"సగం ఉన్నది. సగం చట్నీల వేసిన."

"తే."

ఇల్లు పక్కనే. గంగవ్వ కుడుక చెక్క తెచ్చి, కొంగుతోని తుడిచి ఇచ్చింది. సుజాత అందరి ముంగట దాన్ని కొరికి, నమిలి, మింగింది. జర కష్టంగనే, పాత కొబ్బరి. మాట వాపస్ తీసుకున్నట్టు. అసొంటి పద్ధతి ఇంతకుముందు ఉన్నదో లేదో ఎవలకూ తెల్వదు. లింగన్నకు గూడ తెల్వదు, ఆయన మొఖం చూస్తె తెలిసింది. కని అది చూసినంక బండి స్టార్ట్ చేద్దామని ఎవల చెయ్యీ లేవలే.

"మడువ మూసెయ్యవ్వా," అన్నది సుజాత. "నీళ్లెక్కువైతె పిలకలు మురుగుతయి."

లింగన్న లేచిండు. ఇద్దరు పట్టుకున్నరు. తువ్వాల భుజం మీదికెళ్లి తీసి, నాలుగు మడతలు పెట్టి, శ్రీకాంత్ భుజం మీద ఏసిండు.

"కాకా, ఇదెట్ల..."

"రేసు నడవలే," అన్నడు లింగన్న. "మాట."

శ్రీకాంత్ సుజాతను చూసిండు. ఆమె ముక్కు మీది బురద మోచేత్తోని తుడుసుకున్నది, ఇంకా పూసుకున్నది. "మంచిగనే ఇచ్చినవ్ బాపు," అన్నది. "బాత్రూములకు మాత్రం గట్టి గొళ్లాలు పెట్టియ్యి శ్రీకాంత్."

ఇక్కడ నేను ఏడ్సిన అని రాస్తె మంచిగుంటది. కంట్ల దుమ్ము వడ్డది. చేనంత తడిగ ఉంటె దుమ్మెక్కడిది అని మాత్రం అడుగకుండ్రి.

తిరుగు తొవ్వ

సుజాత ట్రాక్టరు మలుపుకున్నది. కింద బ్లేడు వట్టిగనే ఊగుతున్నది, దానికి ఆ రోజు పని లేదు. నాకు ఎడపల్లి పిలగాడు ఒకడు బండి ఎన్క జాగ ఇచ్చిండు. బోధన్ తొవ్వ పట్టినం. ట్రాక్టరు ముందు, అది ఎంత మెల్లగ పోతదో మీకు తెలుసు. దాని ఎన్క బండ్లు, ఒకదాని ఎన్క ఒకటి, సాలూర నుంచి తోక లెక్క. అన్నిటి ఎన్క శ్రీకాంత్ కారు.

ఇందుల సగం మంది పొద్దున మలుపు కాడ ఒకల మీదికెళ్లి ఒకలు దూకుదామని వచ్చినోళ్లు. ఎవ్వడూ ట్రాక్టరును దాటుతలేడు. ఎదురుంగ బస్సులొస్తున్నయేమో అనుకొని తొంగి చూసిన. తొవ్వ ఖాళీ. శ్రీకాంత్ హారన్ గూడ కొడుతలేడు.

ఫోన్ ఇంకా కలిసే ఉన్నది. ముంగటికి తిప్పి పట్టుకున్న. టూ-స్ట్రోక్ ఇంజిన్లన్నీ ఒక్కటే సన్న సప్పుడుతోని గునుగుతున్నయి. ఆ వాసన మస్కట్‌కు పోదు గద అనుకున్న.

"ఎవడు ముందున్నడు రా?" అన్నడు మామ.

"సుజాతక్క."

"ఎన్కున్నోడు దాటుతలేడా?"

"లేదు మామ."

"వాని ఎన్కున్నోడు?"

"లేదు."

తెర మీద మామ మొఖం కదలకుండ ఉన్నది.

"నెట్టు పోయిందా మామ?"

"ఉన్నది," అన్నడు. "గట్లనే పట్టుకో."

ఆయన ఎన్క ఎవలో అరబ్బీల గట్టిగ పిలుస్తున్నరు. డ్యూటీ టైమైందన్నడు. ఫోన్ మాత్రం పెట్టలే.